గుహలోని దేవతలు, గదిలోని మనిషి: గోండు గాథకు లోతు మనోవిజ్ఞానం ఎంతవరకు వర్తిస్తుంది?

1. ప్రవేశిక

తెలుగు నవలకు మనోవిశ్లేషణతో పరిచయం ఏర్పడి ఏడు దశాబ్దాలు దాటింది. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లోని సీతారామారావు, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లోని దయానిధి, రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’లోని సుబ్బయ్య, నవీన్ ‘అంపశయ్య’లోని రవి – ఈ నలుగురిని గురించిన చర్చలో ఫ్రాయిడ్ పేరో యూంగ్ పేరో రాకుండా ఉండడం అరుదు. ఆ చర్చ వల్ల మన నవలా విమర్శ లాభపడింది. పాత్ర చేసిన పనినే కాక చేయలేకపోయిన పనిని కూడా చదవడం మనకు అలవాటైంది.

అయితే ఇవే పనిముట్లను జానపద, గిరిజన గాథల మీద కూడా యథాతథంగా ప్రయోగించే ధోరణి ఒకటి మన పరిశోధనలో స్థిరపడుతున్నది. గాథలో గుహ కనిపిస్తే మాతృగర్భమనీ, నది దాటితే పునర్జన్మమనీ, వీరుడు కష్టాలు పడితే ఆత్మాన్వేషణమనీ నిర్ణయం వెంటనే వెలువడుతుంది. ఈ నిర్ణయాలు తప్పని ఒక్క మాటలో కొట్టివేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అవి ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నాయి, ఏ ప్రశ్నను అడగకుండానే దాటిపోతున్నాయి అన్నది పరిశీలించడమే ఉద్దేశం. అందుకు పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని రాజగోండుల మూలగాథను ప్రధాన ఆధారంగానూ, ‘అంపశయ్య’ను, కరీంనగర్ ప్రాంతపు ఆశ్రిత గాయక సంప్రదాయాన్ని పోలిక కోసమూ తీసుకుంటున్నాను.

2. పద్ధతి ఏ మనిషి కోసం పుట్టింది?

ఏ సిద్ధాంతానికైనా ఒక పుట్టినిల్లు ఉంటుంది. లోతు మనోవిజ్ఞానానికి పుట్టినిల్లు వియన్నా నగరంలోని ఒక గది. 1900 సంవత్సరం వేసుకుని వెలువడిన ఫ్రాయిడ్ స్వప్న గ్రంథం వెనుక ఉన్న దృశ్యం ఇది: ఒక మనిషి పడుకుని మాట్లాడుతుంటాడు, మరొక మనిషి కనబడకుండా కూర్చుని వింటుంటాడు. వేళ నియతం, రుసుము నియతం. మాట్లాడేవాడు తన కుటుంబంలో ఎవరికీ చెప్పలేనిది ఇక్కడ చెబుతాడు. 1912 నాటి గ్రంథంతో ఫ్రాయిడ్ నుంచి విడివడిన యూంగ్, వ్యక్తి అచేతనం అడుగున మానవులందరికీ ఉమ్మడి అయిన మరొక పొర ఉందన్నాడు. పురాణ ప్రతీకలు అక్కడినుంచే వస్తాయన్నాడు. వాటిని గుర్తించి, తనలోని విడిభాగాలను కూడగట్టుకుని సమగ్రుడు కావడమే మనిషి నడివయసు తరువాతి కర్తవ్యమన్నాడు. నాజీ నిర్బంధ శిబిరాలనుంచి బతికి వచ్చిన విక్టర్ ఫ్రాంకిల్ 1946లో వెలువరించిన పుస్తకంలో, మనిషి మూల ప్రేరణ సుఖం కాదు, అర్థాన్వేషణ అన్నాడు.

ఈ ముగ్గురి మధ్య భేదాలు పెద్దవే. అయినా ఒక ఉమ్మడి ఊహ ఉంది. అర్థం పోగొట్టుకున్నవాడు వ్యక్తి, దాన్ని తిరిగి వెతుక్కోవలసినవాడూ ఆ వ్యక్తే. ‘నేనెవరు?’ అన్న ప్రశ్నను అతడు తనకు తానే వేసుకోవాలి, జవాబు తన లోపలినుంచే రావాలి.

‘అంపశయ్య’కు ఈ ఊహ చక్కగా అతుకుతుంది. 1969లో వెలువడిన ఆ నవల ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవి జీవితంలో ఒక్క రోజును అతని చైతన్య స్రవంతిగా చూపుతుంది. రవి పల్లెనుంచి వచ్చినవాడు. డబ్బు లేమి, పరీక్షల భయం, కామం, అపరాధ భావన – ఇవన్నీ అతనిలో ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ఇక్కడ మన విమర్శ సాధారణంగా శిల్పాన్ని జేమ్స్ జాయిస్ దగ్గరికి తీసుకెళ్లి ఆపుతుంది. కానీ ఆ శిల్పానికి స్థానిక కారణం కూడా ఉంది. రవి ఉన్న హాస్టల్ గదిలోకి వచ్చి ‘నువ్వు ఫలానావాడివి, మీవాళ్లు ఫలానా చోటునుంచి వచ్చారు’ అని పాడి చెప్పేవాడు ఎవడూ లేడు. పల్లెలో ఏదో ఒక రూపంలో ఉండిన ఆ గొంతు అతని వెంట నగరానికి రాలేదు. చెప్పేవాడు లేనప్పుడు మనిషి తనలో తాను మాట్లాడుకుంటాడు. చైతన్య స్రవంతి, గాథ చెప్పేవాడు లేని చోట మొలిచిన శిల్పం. కనుక అక్కడ లోతు మనోవిజ్ఞానం సరైన పనిముట్టే. ఆ పనిముట్టూ ఆ నవలా ఒకే లోటునుంచి పుట్టాయి.

మరి గాథ చెప్పేవాడు ఇంకా ఉన్న చోట?

3. గోండు మూలగాథ: పాఠం, గాయకుడు

గోండు గాథను లోకానికి విస్తృతంగా పరిచయం చేసిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ కూడా వియన్నా నగరంవాడే. 1909లో అక్కడ పుట్టాడు. రెండవ ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి శత్రుదేశ పౌరుడిగా పరిగణన పొంది, హైదరాబాదు సంస్థానానికి పరిమితమయ్యాడు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం మరణించిన తరువాత గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకునే పని నిజాం ప్రభుత్వం అతనికి అప్పగించింది. మార్లవాయిలో గోండుల నడుమ నివసిస్తూ చేసిన పరిశీలన ఫలితంగా 1948లో ఆదిలాబాద్ రాజగోండుల గ్రంథం వెలువడింది. ఫ్రాయిడ్ పట్టణంనుంచి వచ్చినవాడు గాథలను మనోవిశ్లేషణ పరిభాషలోకి మార్చకుండా, క్రతువుతో, వంశంతో, భూమితో కలిపి నమోదు చేయడం గమనించదగింది.

ఆ గాథ సారాంశం ఇది. గోండు దేవతలు శంభు మహాదేవుడి ఆగ్రహానికి గురై ఒక గుహలో బందీలవుతారు. జంగూబాయి వారికి తల్లిగా, సంరక్షకురాలిగా ఉంటుంది. పహండి కుపార్ లింగాల్ అనే వీరుడు గుహ నోటినున్న బండను తొలగింపజేసి వారిని విడిపిస్తాడు. తరువాత వారిని నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా విభజించి, ఎవరు ఎవరితో పెళ్లి సంబంధం కలుపుకోవచ్చునో, ఎవరు ఏ దేవుణ్ని ఎలా కొలవాలో నియమిస్తాడు. అంతకు చాలా ముందే మధ్య పరగణాలలో సేకరించిన లింగో గీతం ఒకటి 1866లో ప్రచురితమైన స్టీఫెన్ హిస్లాప్ పత్రాలలో ఉంది. రెండు పాఠాలకూ అస్థిపంజరం ఒకటే, వివరాలు వేరు.

ఈ గాథను ఎవరు చెబుతారన్నది పాఠమంత ముఖ్యం. గోండుల వంశగాథలను గోండులు పాడరు. పర్ధానులు పాడతారు. కొన్నిచోట్ల తోటీలు పాడతారు. కింక్రీ అనే తంత్రీవాద్యం వారి చేతిలో ఉంటుంది. పర్ధాను పటాడి తన పోషక వంశానికి పెర్సాపేన్ పూజల్లో, మరణ క్రతువుల్లో గాథ వినిపించి, ప్రతిఫలంగా కానుకలు పొందుతాడు. ఆదిలాబాద్ పర్ధానుల ఇంటి భాష మరాఠీ అనీ, గాథాగానం మాత్రం గోండిలో సాగుతుందనీ హైమన్‌డార్ఫ్ నమోదు చేశాడు. ఒక జాతి జ్ఞాపకం ఆ జాతికి వెలుపలి మనిషి నోట, అతని ఇంటిది కాని భాషలో భద్రంగా ఉంది. మనల్ని గురించి మనకు చెప్పవలసినవాడు మనవాడు కాకూడదన్న ఈ ఏర్పాటుకూ, రోగి బంధువు వైద్యుడుగా కూర్చోరాదన్న మనోవిశ్లేషణ నియమానికీ దూరపు పోలిక ఉంది. అయితే పోలిక అక్కడితో ఆగుతుంది. ఎందుకు ఆగుతుందో చూడాలి.

4. ఆదిరూప వ్యాఖ్యానం జారవిడిచే మూడు విషయాలు

యూంగ్ దృష్టితో ఈ గాథను చదవడం కష్టం కాదు. గుహ అచేతనం. బండ నిరోధం. జంగూబాయి ఆదిమాత. లింగాల్ విమోచక వీరుడు. గుహనుంచి వెలుపలికి రావడం చైతన్యోదయం. వ్యాఖ్యానం పొందికగా ఉంది. అంత పొందికగా ఉండడమే దాని ఇబ్బంది. గుహ, తల్లి, వీరుడు ఉన్న ఏ దేశపు గాథకైనా ఇదే వ్యాఖ్యానం సరిపోతుంది. అన్నిటికీ సరిపోయేది దీనికే చెందిన దేనినీ చెప్పదు. అది జారవిడిచేవి ప్రధానంగా మూడు.

మొదటిది సంఖ్య. నాలుగు, ఐదు, ఆరు, ఏడు అన్న విభజన ఆదిరూప వ్యాఖ్యాతకు గాథ చివరి అలంకారం. వినే గోండుకు గాథ ప్రాణం అదే. కేస్లాపూర్ నాగోబాను కొలిచే మెస్రం వంశీయులు ఏడు దేవతల సగకు చెందినవారు. ఆ ఏడు ఎందుకు ఏడో చెప్పలేని వ్యాఖ్యానం, ‘నేనెవరు?’ అన్న ప్రశ్నకు ఆ శ్రోత అందుకునే జవాబును తాకనే లేదు. అతనికి అస్తిత్వం అంటే లోపల దాగిన రహస్యం కాదు. తనవాళ్లెవరో, తాను పెళ్లాడదగినవాళ్లెవరో, తాను చనిపోతే ఏ దేవుడి దగ్గరికి చేరతాడో తెలిసి ఉండడం.

రెండవది స్థలం. జంగూబాయి గుహ కేవలం ప్రతీక కాదు. కెరమెరి మండలంలో, మహారాష్ట్ర సరిహద్దు అడవుల్లో అది ఉంది. పుష్యమాసంలో గోండులు అక్కడికి యాత్రగా వెళతారు, దీపంతో గుహలోకి ప్రవేశించి మొక్కుతారు. కొమురం భీం నేలకొరిగిన జోడేఘాట్ కూడా అదే కెరమెరి మండలంలోది. బందీలైన దేవతల గుహా, భూమి కోసం, అడవి మీద హక్కు కోసం జరిగిన పోరాట స్థలమూ ఒకే కొండల వరుసలో ఉండడాన్ని శ్రోత మరిచిపోడు. గుహను మనసులోకి తీసుకుపోయి పెట్టిన విమర్శకుడు మాత్రం మరిచిపోతాడు. గుహ అందరి మనసుల్లోనూ ఉన్నదైతే కెరమెరి అడవిలోని గుహ ఎవరిదన్న ప్రశ్నకు చోటుండదు. ఇది విమర్శకు సంబంధించిన చిన్న లోపం కాదు. గాథను సార్వజనీనం చేసే క్రమంలో, దాని మీద ఆధారపడిన హక్కును మనం తెలియకుండానే పలచబరుస్తున్నాం.

మూడవది సంబోధన. అచ్చులో చదివే పాఠానికి పాఠకుడు ఎవడైనా కావచ్చు. పటాడి గాథకు శ్రోత ఎవడైనా కాడు. అది ఫలానా వంశానికి, ఫలానా క్రతువులో, ఫలానా ప్రతిఫలానికి పాడిన పాట. హిస్లాప్ పాఠానికీ హైమన్‌డార్ఫ్ పాఠానికీ మధ్య భేదాలను మనం సేకరణ లోపాలుగా కాక, వేర్వేరు శ్రోతలకు చేసిన సంబోధనలుగా చదివితే కొత్త ద్వారాలు తెరుచుకుంటాయి. ఆదిరూప విమర్శ ఆ భేదాలను చెరిపిన తరువాతనే పని మొదలుపెడుతుంది.

5. చెప్పేవాడు, వినేవాడు

ఈ చర్చకు లెవీ స్ట్రాస్ 1949 నాటి వ్యాసం ఒకటి బాగా ఉపకరిస్తుంది. పనామా దేశపు కూనా జాతివారిలో కాన్పు కష్టమైన స్త్రీ దగ్గర మంత్రవైద్యుడు పాడే దీర్ఘగీతాన్ని అతడు అందులో మనోవిశ్లేషణతో పోల్చాడు. రెండుచోట్లా గాథ వల్లనే ఉపశమనం కలుగుతుంది. అయితే మనోవిశ్లేషణలో రోగి తన గతంనుంచి సొంత గాథను తానే అల్లుకుంటాడు, వైద్యుడు వింటాడు. మంత్రవైద్యంలో వైద్యుడు పాడతాడు, రోగి బయటినుంచి వచ్చిన సామాజిక గాథను అందుకుంటుంది.

ఈ భేదం గోండు సందర్భంలో మరో మెట్టు ముందుకు పోతుందని నా ప్రతిపాదన. కూనా గీతంలో రోగి ఒకరు ఉన్నారు, బాధ ఉంది. పటాడి గానం ముందు కూర్చున్న వంశంలో ఎవరూ రోగులు కారు. అర్థం పోయిన తరువాత వెతకడం కోసం కాదు, పోకుండా ఉండడం కోసం అక్కడ గాథ వినిపిస్తుంది. దాన్ని చికిత్స అనడం కంటే ఏటేటా జరిగే ధ్రువీకరణ అనడం న్యాయం.

కేస్లాపూర్ జాతరలోని భేటింగ్ క్రతువు దీనికి మంచి ఉదాహరణ. పుష్య అమావాస్యనాటి పూజ కోసం మెస్రం వంశీయులు కాలినడకన వెళ్లి గోదావరి జలం తెస్తారు. ఆ వంశానికి కొత్తగా వచ్చిన కోడళ్లు తెల్లని చీరలు కట్టి, ముసుగు వేసుకుని నాగోబాకు, వంశ పెద్దలకు పరిచయమవుతారు. ఆ పరిచయం జరిగాకే వారికి వంశ దేవుడి పూజలో భాగం లభిస్తుంది. పెళ్లి ఎప్పుడో అయినా అస్తిత్వం ఆ రోజు పూర్తవుతుంది. యూంగ్ చెప్పిన సమగ్రతా సాధనలో మనిషి సమాజం తొడిగిన ముసుగును తీసి తన లోపలి ముఖాన్ని చూసుకోవాలి. భేటింగ్‌లో ముసుగుతో వచ్చిన మనిషి, తనను చూసి గుర్తించే వంశం ముందు నిలబడుతుంది. రెంటిలోనూ ముసుగు ఉంది. ఒకచోట గుర్తించేది తాను, మరొకచోట గుర్తించేది తనవాళ్లు.

దీపావళి వేళ దండారి బృందాలతో వచ్చే గుస్సాడీల విషయమూ ఇంతే. నెమలి ఈకల తలపాగా, ఒంటికి బూడిద, చేతిలో కర్ర – ఆ వేషం వేసుకున్నన్నాళ్లు గుస్సాడీ స్నానం చేయకుండా దీక్షలో ఉంటాడు. ఆ వేషంలో దైవశక్తి ఉందని ఊరు నమ్ముతుంది. వేషం అక్కడ అసలు మనిషిని దాచే ముసుగు కాదు. సాధారణ దినాల్లో ఆ మనిషికి లేని స్థానాన్ని కల్పించే ఆహ్వానం.

6. ఎదురు వాదాలు

ఇంతవరకు చేసిన వాదానికి రెండు ఆక్షేపణలు రావచ్చు. రెండూ బలమైనవే.

మొదటిది: గిరిజనుడికి సమాజం తప్ప అంతరంగం లేదని దీని అర్థమా? అలా అయితే ఇది పాత పక్షపాతానికే కొత్త రూపం. నగరవాసికి మనసు, అడవి మనిషికి ఆచారం అని పంచిపెట్టడం అన్యాయం. గోండు మరణ భావనే దీనికి సమాధానం ఇస్తుంది. హైమన్‌డార్ఫ్ వివరించిన ప్రకారం గోండులు మనిషిలో రెండింటిని గుర్తిస్తారు. ఒకటి జీవ్ – ప్రాణశక్తి, భగవంతుడి దగ్గరికి తిరిగిపోయి మళ్లీ పుట్టగలిగేది. రెండవది సనాల్ – ఈ పేరుతో, ఈ బంధుత్వాలతో బతికిన ఆ ప్రత్యేక వ్యక్తి, మరణానంతరం వంశ దేవతను, పూర్వికులను చేరేది. వ్యక్తి విశిష్టతను ఇంత నిశితంగా విడదీసిన భావనను అంతరంగం లేనివారు నిర్మించలేరు. కనుక శ్రోత లోపల ఏం జరుగుతుందన్న లోతు మనోవిజ్ఞానపు ప్రశ్న సరైనదే. జవాబును యూరపునుంచి తెచ్చుకుని ప్రశ్నను ఇక్కడ అడగడమే పొరపాటు. జీవ్, సనాల్ వంటి మాటలే ఇక్కడి మనోవిజ్ఞాన పరిభాష. వాటిని ‘ఆత్మ’ అన్న ఒక్క మాటతో అనువదించి ముందుకు సాగే మన అలవాటు మానుకోవాలి.

రెండవ ఆక్షేపణ ఇంకా కఠినమైనది: గాథ ఉంటే చాలునా? కరీంనగర్ ప్రాంతంలో కులానికో గాథ, గాథకో గాయక కులం ఉన్న సంప్రదాయం బలమైనది. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ గాథ చెబుతారు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెబుతారు. గౌడులకు గౌడజెట్టివారు, గొల్ల కురుమలకు ఒగ్గు కథకులు ఉన్నారు. మగ్గాన్ని దైవదత్తంగా చెప్పే గాథ గల పద్మశాలీలు పెద్ద సంఖ్యలో ఉన్న సిరిసిల్లలోనే, మరమగ్గాల సంక్షోభ కాలంలో నేత కార్మికులు అప్పులతో, పని లేమితో ఆత్మహత్యలు చేసుకున్నారు. వంశగాథ వారిని కాపాడలేదు. ఆ మరణాలను ఫ్రాంకిల్ మాటల్లో అర్థశూన్యతగా వివరించడమూ సరికాదు. వారికి కొరవడింది మొదట కూలి. 2017 నుంచి ప్రభుత్వం బతుకమ్మ చీరల నేతను సిరిసిల్ల మగ్గాలకు అప్పగించినప్పుడు చేసింది మనోచికిత్స కాదు, పని ఇవ్వడం.

ఈ ఉదాహరణ నా వాదానికి ఒక హద్దు గీస్తుంది, దాన్ని నేను అంగీకరిస్తున్నాను. గాథ మనిషికి చోటు చూపగలదు, ఆ చోట బతుకుతెరువు చూపలేదు. అయితే అదే హద్దు లోతు మనోవిజ్ఞానానికీ ఉంది. బాధ అంతా లోపలిదే అనుకునే చికిత్సా, అస్తిత్వమంతా గాథలోనే ఉందనుకునే జానపద విజ్ఞానమూ ఒకే తప్పును రెండు వైపులనుంచి చేస్తున్నాయి.

7. ముగింపు

పై పరిశీలననుంచి మన పరిశోధన పద్ధతికి సంబంధించి మూడు సూచనలు చేయవచ్చు. ఒకటి, గాథను సేకరించేటప్పుడు గాయకుణ్ని మాత్రమే కాక శ్రోతను కూడా నమోదు చేయాలి. ఎవరి కోసం, ఏ క్రతువులో, ఏ ప్రతిఫలానికి పాడారో తెలియని పాఠం సగం పాఠమే. రెండు, ప్రతీక అర్థం నిర్ణయించే ముందు దాని స్థలాన్ని పటం మీద గుర్తించాలి. మూడు, మూలభాషలోని మానసిక పరిభాషను అనువదించకుండా మొదట వివరించాలి. భద్రిరాజు కృష్ణమూర్తి వర్గీకరణలో తెలుగు, గోండి రెండూ దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందిన సోదర భాషలు. సోదర భాషను మాండలికంలా చూసి సంక్షేపించడం తెలుగు శాఖలకు శోభించదు.

చివరిగా, ఈ చర్చ తరగతి గదికి వెలుపల ఎవరికి పట్టాలి? ఆదిలాబాద్ కొండల్లోని గోండు పిల్లవాడు ఇంట్లో గోండి మాట్లాడి, ఆశ్రమ పాఠశాలలో తెలుగులో చదువుకుంటాడు. పెద్దచదువు కోసం పట్టణానికి వచ్చి ఒక హాస్టల్ గదిలో చేరతాడు. ‘అంపశయ్య’ రవి ఒకప్పుడు ఉన్న గదిలాంటిదే అది. అక్కడ అతనికి మనసు బాగులేకపోతే సలహాదారు అడిగే మొదటి ప్రశ్న, ‘నీ గురించి నువ్వు చెప్పు’. ఆ ప్రశ్నకు అతడు మౌనంగా ఉంటే దాన్ని లోపలి నిరోధంగా లెక్కించే ముందు ఒక్కసారి ఆలోచించాలి. తన గురించి తాను కాక వేరొకరు పాడి చెప్పడం మర్యాద అయిన సమాజంనుంచి అతడు వచ్చాడు. అతని మౌనం రోగం కాకపోవచ్చు. కింక్రీ మొదలయ్యే ముందు శ్రోత పాటించే నిశ్శబ్దం కావచ్చు. ఆ రెంటి మధ్య తేడా చెప్పగలిగినప్పుడే మన మనోవిశ్లేషణ విమర్శ ఉత్తర తెలంగాణ నేల మీద తన అర్హతను నిరూపించుకుంటుంది.